గల్ఫ్‌లో వాన పడితే బండి తీయకండి
ఎడారి దేశంలో వానేంటి అనుకుంటాం. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. 75 ఏళ్ల రికార్డుల్లో అంత వాన లేదు. దుబాయ్ ఎయిర్‌పోర్ట్ చెరువైంది, వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి.

రూములో ఉండే తమ్ముడికైనా, విజిట్ వీసా మీద వెళ్లిన అమ్మీ అబ్బాకైనా ముందు చెప్పాల్సింది ఒకటే: నీళ్లు నిలిచిన రోడ్డు మీదకు కారు తీయొద్దు. ఆ వానలో ఇద్దరు ఫిలిప్పీన్స్ కార్మికులు బండిలోనే ఊపిరాడక చనిపోయారు. వాదీలు ఇంకా ప్రమాదం. వాదీ అంటే ఎండిన వాగు. మన నెత్తిన చినుకు పడకపోయినా, కొండల్లో కురిసిన నీళ్లు నిమిషాల్లో వచ్చి పడతాయి. దానికి రెండు రోజుల ముందే ఒమన్‌లో స్కూలు పిల్లలున్న బండి వాదీలో కొట్టుకుపోయింది. యూఏఈలో వరద వాదీలోకి బండి దింపితే 2,000 దిర్హాముల జరిమానా, 60 రోజులు బండి జప్తు. అయినా వీడియోల కోసం దింపేవాళ్లు ఉన్నారు, ఏం చెప్పాలి!

ఉమ్రాకి వెళ్లేవాళ్లకూ ఇదే మాట. 2022 నవంబర్ 24న జిద్దాలో వరదొచ్చి మక్కా రోడ్డు కాసేపు మూసేశారు. అలాంటప్పుడు హోటల్‌లోనే ఆగిపోవాలి. ఫ్లైట్ బయల్దేరుతుందని ఎయిర్‌లైన్ చెప్పాకే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాలి. షుగర్, బీపీ మందులు పెద్ద సూట్‌కేసులో పడేస్తారు మన పెద్దలు. అవి చేతి బ్యాగులోనే ఉండాలి. యూఏఈలో పోలీసులకు 999, మక్కా ప్రాంతంలో 911.

ఇక్కడున్న మనం గంటకోసారి వీడియో కాల్ చేయొద్దు. కరెంటు పోతే వాళ్ల ఫోన్‌లో మిగిలిన చార్జింగే వాళ్లకి దిక్కు. మెసేజ్ పెట్టండి, చాలు.