ఫియోర్డు - గండి

తుమ్మలపల్లె ప్రాంతమున వాన అపురూపమైన అతిథి. న్యూజీలాండులోని మిల్‌ఫర్డ్ సౌండ్‌లో ఏటా 6,000 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియునని మేము చెప్పినపుడు విద్యార్థులు విస్తుపోవుదురు. అచట వాననాటి పడవ విహారమే రమణీయము. కొండలనిండ క్రొత్త జలపాతములు పుట్టును.

అది ఫియోర్డు. హిమయుగములలో హిమానీనదము లోయను తొట్టివలె తొలిచినది. పిమ్మట మంచు కరిగి సముద్రమట్టము పెరుగగా ఉప్పునీరు ఆ తొట్టిని నింపినది. ఉపనదుల వంటి చిన్న హిమానీనదములు అంత లోతుగా తొలవలేదు. అందుచే వాటి లోయలు ఎత్తున వ్రేలాడుచు జలపాతములకు ఆధారమైనవి. స్టర్లింగ్ జలపాతము ఎత్తు సుమారు 150 మీటర్లు.

జమ్మలమడుగు చెంతనున్న గండికోటను దీనితో పోల్చువారు కలరు. కాని పేరే నిజము చెప్పుచున్నది: అది ఎర్రమల కొండలకు పెన్న కొట్టిన గండి. దానిని చెక్కినది మంచు కాదు, నదీప్రవాహము. పాపికొండల నడుమ గోదావరి దారియు నట్టిదే.

ఈ భేదము ప్రాణములకు సంబంధించినది. ఫియోర్డులో వాననీరు సముద్రమున కలిసిపోవును. గండిలోనో, ఎగువ వరద ఇరుకున చిక్కి, లోతును వేగమును పెంచుకొని సుడులు తిరుగును. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి పదులమంది మరణించిరి.

కనుక విద్యార్థులకు మా మనవి: నదిలో పడవ ఎక్కుటకు ముందు మీ తలపై మబ్బును గాక, ఎగువ వరదను గూర్చి అడుగుడు. లైఫ్ జాకెట్టు తొడుగుడు. వరదనాడు ఒడ్డుననే ఉండుడు.