పుట్టిల్లే ప్రభుత్వపు ఆశ్రయగృహమా?

గృహహింస చట్టాన్ని తరగతిలో బోధించేటప్పుడు 17వ సెక్షన్ దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇల్లు ఎవరి పేరిట ఉన్నా, తాను కాపురం చేసిన ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఉందని 2005 నాటి ఆ చట్టం చెబుతుంది. గొప్ప హక్కే, ఇల్లంటూ ఉన్నవారికి. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయే కుటుంబాలకు నెలల తరబడి పట్టా కప్పిన గుడిసే ఇల్లు. వారిలో అత్యధికులు దళితులు, వెనుకబడిన కులాలవారు. ఆ గుడిసెలో నివాస హక్కును ఏ మేజిస్ట్రేటు అమలు చేయించగలరు?

దెబ్బలు తిన్న స్త్రీ పుట్టింటికి పోతుందిలే అన్నది మన బడ్జెట్లు పైకి చెప్పని నమ్మకం. ప్రభుత్వానికి పైసా ఖర్చు లేని ఆశ్రయగృహం పుట్టిల్లు! కానీ వాడలోని ఒంటిగది ఇంట్లో తల్లిదండ్రులు, అన్నావదినెలు, వారి పిల్లలు సర్దుకునేసరికే చోటు నిండిపోతుంది. కులాంతర వివాహం చేసుకున్న ఆమెకైతే ఆ తలుపు పెళ్లినాడే మూసుకుపోతుంది. ఆస్తి ఉన్న కులాల స్త్రీలకు హింస తక్కువని కాదు. అక్కడ పరువు నోరు నొక్కుతుంది, ఇక్కడ చోటు లేకపోవడం వెనక్కి నెడుతుంది.

బాధితురాలు కోరితే ఆశ్రయగృహం వసతి ఇచ్చి తీరాలని 6వ సెక్షన్ అంటుంది. అలాంటి గృహాలు ఎన్ని ఉండాలో, ఎవరి డబ్బుతో నడవాలో మాత్రం చెప్పదు. సఖి కేంద్రాల ఖర్చు పూర్తిగా కేంద్రానిదే. అక్కడ వసతి ఐదు రోజులకు మించదు. అంతకు మించి ఉండవలసినవారికి శక్తి సదన్లు, అంటే నిన్నటి స్వధార్ గృహాలు. వాటి ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. రాష్ట్ర ప్రభుత్వ చిత్తశుద్ధిని కొలవవలసింది ఆ 40 దగ్గరే. ఆ వాటా ఆలస్యమైతే నిర్వాహకులకు కిరాణా కొట్టు అప్పే దిక్కు.

ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు బస్సు ఉచితం, మేలే. అయితే గుర్తింపు కార్డు చూపాలి. కట్టుబట్టలతో బయటపడిన మనిషి ఆధార్ కార్డు తీసుకుని వస్తుందా? రక్షణాధికారులను తాలూకా స్థాయిలో గుర్తించాలని, ఆశ్రయం అందుబాటులో ఉంచాలని సుప్రీంకోర్టు అదే ఏడాది మే నెలలో రాష్ట్రాలను ఆదేశించింది. ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే ఆదోనికి ఒకటి, ఎమ్మిగనూరుకు ఒకటి రావాలి.

ఈ ఖర్చును 2013 చట్టం కింద ఎస్సీ ఉప ప్రణాళికలో చూపవచ్చు కదా అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆశ్రయం పౌరురాలి హక్కు. దాని భారం స్త్రీ, శిశు సంక్షేమ శాఖ సాధారణ పద్దు మీదే పడాలి. ఉప ప్రణాళిక సొమ్ము ఆ తరువాతి అడుగుకు కావాలి: ఆమె పేరిట ఇంటి స్థలం, సాగుభూమి, సుగ్గికి పోనవసరం లేని పని. ముందుగా రాబోయే బడ్జెట్‌లో ఈ రెండు పట్టణాల ఆశ్రయగృహాలకు అద్దె, జీతాలు, తిండి ఖర్చు విడివిడిగా కనిపించాలి. అవి సుగ్గికి పోయినవారు ఊళ్లకు తిరిగొచ్చే వేసవికల్లా తెరుచుకోవాలి.