పాఠశాలల్లో వెండింగ్ యంత్రాలు - పోషణ, ఆదాయం

వెండింగ్ యంత్రం అనగా నాణేలు, నోట్లు లేదా కార్డు స్వీకరించి, అమ్మకందారు అవసరం లేకుండానే తనలోని సరుకును కొనుగోలుదారుకు అందించే యంత్రం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ప్రభుత్వ పాఠశాలల్లో శీతల పానీయాలు, చిరుతిళ్ళు అమ్మే ఈ యంత్రాలు 1990వ దశకంలో విస్తృతంగా వెలిశాయి. వీటి ద్వారా పాఠశాలలకు కొంత ఆదాయం లభించేది. అదే సమయంలో, ఇవి అమ్మే పదార్థాలు పిల్లల ఆరోగ్యానికి చేటు చేస్తున్నాయన్న విమర్శ బలపడింది. ఆదాయాన్ని, పోషణను ఎలా సమన్వయం చేయాలన్న ఈ వివాదం అనేక రాష్ట్ర చట్టాలకు, చివరకు 2014లో అమలులోకి వచ్చిన జాతీయ ప్రమాణాలకు దారితీసింది.

నేపథ్యం

అమెరికాలో జాతీయ పాఠశాల భోజన పథకం 1946లో అధ్యక్షుడు హారీ ట్రూమన్ సంతకం చేసిన చట్టంతో ఏర్పడింది. ఈ పథకం క్రింద పాఠశాల వడ్డించే ప్రతి భోజనానికి కేంద్ర ప్రభుత్వం కొంత సొమ్ము చెల్లిస్తుంది. పేద కుటుంబాల పిల్లలకు భోజనం ఉచితంగా గాని, తగ్గింపు ధరకు గాని లభిస్తుంది. భోజనంలో ఏయే పదార్థాలు ఎంతెంత ఉండాలో అమెరికా వ్యవసాయ శాఖ నిర్ణయిస్తుంది.

ఈ పథకానికి వెలుపల పాఠశాల ఆవరణలో అమ్మే తినుబండారాలను, పానీయాలను "పోటీ ఆహారాలు" అని వ్యవహరిస్తారు. ప్రభుత్వ భోజనంతో ఇవి పోటీ పడతాయి కనుక ఈ పేరు వచ్చింది. వెండింగ్ యంత్రాలతో పాటు పాఠశాల దుకాణాలు, కెఫెటీరియాలో విడివిడిగా అమ్మే పదార్థాలు కూడా ఈ కోవలోకే వస్తాయి. చాలా కాలం పాటు వీటిలో అధిక భాగానికి భోజన పథకపు పోషణ నియమాలు వర్తించలేదు.

తొలి నియంత్రణలు, న్యాయస్థానం తీర్పు

పోటీ ఆహారాలను నియంత్రించే అధికారాన్ని అమెరికా కాంగ్రెసు 1970లో వ్యవసాయ శాఖకు ఇచ్చి, 1972లో రాష్ట్రాలకు, స్థానిక పాఠశాల బోర్డులకు బదలాయించి, 1977లో తిరిగి వ్యవసాయ శాఖకే అప్పగించింది. దానితో ఆ శాఖ 1980లో "అత్యల్ప పోషక విలువ గల ఆహారాలు" అనే వర్గాన్ని నిర్వచించింది. సోడా పానీయాలు, ఐసు పుల్లలు, చూయింగ్ గమ్, కొన్ని రకాల మిఠాయిలు ఈ జాబితాలో చేరాయి. రోజులో చివరి భోజన విరామం ముగిసేవరకు వీటిని పాఠశాలలో ఎక్కడా అమ్మరాదని నియమం చేసింది.

శీతల పానీయాల తయారీదారుల సంఘం దీనిపై న్యాయస్థానానికి వెళ్ళింది. 1983లో కొలంబియా జిల్లా అప్పీలు న్యాయస్థానం, ఆ శాఖ అధికారం భోజన సమయానికి, భోజనం వడ్డించే ప్రదేశానికి మాత్రమే పరిమితమని తీర్పు చెప్పింది. ఫలితంగా భోజనశాలలో అమ్మరాని సోడాను దాని తలుపు బయట, నడవాలో నిలిపిన యంత్రం ద్వారా రోజంతా అమ్మడానికి వీలు కలిగింది. తరువాతి దశాబ్దంలో వెండింగ్ యంత్రాల విస్తరణకు ఈ వెసులుబాటు బాటలు వేసింది.

ఆదాయం వచ్చే విధానం

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలల ఖర్చులో గణనీయమైన భాగం స్థానిక ఆస్తి పన్నుల నుండి వస్తుంది. పన్ను పెంపునకు ఓటర్లు సమ్మతించని చోట్ల క్రీడలు, సంగీతం, విహారయాత్రల వంటి వాటికి నిధులు కొరవడతాయి. యంత్రాల నుండి వచ్చే సొమ్ము మొత్తంగా చిన్నదే అయినా, దానిని ఇష్టానుసారం ఖర్చు చేసే వెసులుబాటు ప్రధానోపాధ్యాయులకు ఉండేది. క్రీడా దుస్తులు, వాయిద్యాలు, కంప్యూటర్లు, బహుమతులు ఈ నిధితో కొనేవారు. యంత్రాలను తొలగించడానికి పాఠశాలలు వెనుకాడటానికి ప్రధాన కారణం ఇదే.

సాధారణంగా యంత్రాన్ని నెలకొల్పి, నింపి, మరమ్మతు చేసే బాధ్యత పానీయాల కంపెనీది లేదా గుత్తేదారుది. పాఠశాల స్థలాన్ని, విద్యుత్తును సమకూర్చి, అమ్మకాలపై కమీషను పొందుతుంది.

ప్రత్యేక ఒప్పందాలు

1990వ దశకంలో "పోరింగ్ రైట్స్" ఒప్పందాలు వ్యాపించాయి. ఒక స్కూల్ డిస్ట్రిక్టు పరిధిలో తన పానీయాలు మాత్రమే అమ్మే హక్కును కంపెనీ కొనుక్కొని, అందుకు ముందుగా పెద్ద మొత్తం, తరువాత అమ్మకాలను బట్టి వాటా చెల్లించడం వీటి స్వరూపం.

కొలరాడో రాష్ట్రంలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో 11వ స్కూల్ డిస్ట్రిక్టు 1997లో కోకా-కోలాతో కుదుర్చుకొన్న పదేళ్ళ ఒప్పందం వీటిలో బాగా చర్చకు వచ్చినది. మొదటి మూడేళ్ళలో కనీసం ఒక సంవత్సరం 70,000 కేసుల పానీయాలు అమ్ముడైతేనే తక్కిన ఏడేళ్ళు పాఠశాలల వాటాలకు హామీ ఉంటుంది. అమ్మకాలు లక్ష్యానికి తక్కువగా ఉండటంతో 1998లో డిస్ట్రిక్టు అధికారి ఒకరు ప్రధానోపాధ్యాయులకు లేఖ వ్రాశారు. విద్యార్థులకు రోజంతా అందుబాటులో ఉండే చోట యంత్రాలను ఉంచాలని, తరగతి గదుల్లోకి సోడాను అనుమతించకపోతే పండ్ల రసాలను, టీని, నీటిని అయినా అనుమతించే విషయం ఆలోచించాలని అందులో సూచించారు. 1999లో హార్పర్స్ పత్రిక ఈ లేఖను ప్రచురించింది. అమ్మకాల లక్ష్యంతో ముడిపడిన ఒప్పందం పాఠశాలనే అమ్మకందారుగా మారుస్తుందన్న విమర్శకు ఇది ప్రధాన ఉదాహరణగా నిలిచింది.

పోషణ సంబంధమైన అభ్యంతరాలు

యంత్రాలలో తరచుగా కనిపించే 20 ఔన్సుల (సుమారు 590 మిల్లీలీటర్ల) కోలా సీసాలో సుమారు 65 గ్రాముల చక్కెర, 240 కాలరీలు ఉంటాయి. అమెరికాలో 12-19 సంవత్సరాల పిల్లలలో 1976-80 మధ్య సుమారు 5 శాతంగా ఉన్న ఊబకాయం 1999-2000 నాటికి సుమారు 15 శాతానికి పెరిగింది. మసాచుసెట్స్‌లో 548 మంది పాఠశాల విద్యార్థులను 19 నెలలు గమనించిన ఒక అధ్యయనం 2001లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. రోజుకు తీసుకొనే తీపి పానీయం ఒక్కటి పెరిగితే ఊబకాయం సంభవించే అవకాశం సుమారు 60 శాతం ఎక్కువవుతుందని అది తెలిపింది. ఊబకాయానికి పాఠశాల యంత్రాలు ఏకైక కారణమని ఈ అధ్యయనం చెప్పలేదు. కాని తీపి పానీయాల అందుబాటుపై చర్చకు ఇది బలం చేకూర్చింది.

2004లో సెంటర్ ఫర్ సైన్స్ ఇన్ ద పబ్లిక్ ఇంటరెస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ 251 పాఠశాలల్లోని 1,420 యంత్రాలను పరిశీలించి, వాటిలోని పానీయాలలో 75 శాతం, చిరుతిళ్ళలో 85 శాతం తక్కువ పోషక విలువ కలవని ప్రకటించింది.

వ్యవసాయ శాఖ 2001లో కాంగ్రెసుకు సమర్పించిన నివేదిక మరొక సమస్యను ఎత్తిచూపింది. చేతిలో డబ్బు ఉన్న పిల్లలు పోటీ ఆహారాల వైపు మళ్ళితే, ప్రభుత్వ భోజనం కేవలం పేదపిల్లలదన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రకు జంకి, అర్హత ఉన్న పిల్లలు కూడా భోజనం మానుకొనే ప్రమాదం ఉంది.

ఆదాయం లెక్కలు

అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2005 నివేదిక ప్రకారం 2003-04 విద్యాసంవత్సరంలో ప్రతి పది పాఠశాలల్లో దాదాపు తొమ్మిదింటిలో పోటీ ఆహారాలు అమ్మేవారు. ఉన్నత పాఠశాలల్లో సుమారు 30 శాతం ఈ అమ్మకాల ద్వారా ఒక్కొక్కటి 1,25,000 డాలర్లకు పైగా ఆర్జించాయి. అయితే ఇందులో కెఫెటీరియాలో విడివిడిగా అమ్మిన పదార్థాల రాబడి కూడా ఉంది.

పానీయాల ఒప్పందాలను మాత్రమే విడిగా చూస్తే లెక్క వేరుగా ఉంటుంది. పైన చెప్పిన స్వచ్ఛంద సంస్థ మరొక సంస్థతో కలసి 2006లో చేసిన పరిశీలనలో, ఒప్పందాల ద్వారా పాఠశాలలకు వచ్చేది సగటున విద్యార్థికి సంవత్సరానికి 18 డాలర్లని తేలింది. అంటే వెయ్యి మంది విద్యార్థులున్న పాఠశాలకు ఏడాదికి 18,000 డాలర్లు. అమ్మకపు సొమ్ములో పాఠశాలకు సగటున 33 శాతం మాత్రమే దక్కేది. పాఠశాలకు ఒక డాలరు రావాలంటే విద్యార్థులు సుమారు మూడు డాలర్లు యంత్రంలో వేయాలి. ఆ సొమ్ము పిల్లల తల్లిదండ్రులదే కనుక, ఇది విరాళం కంటే ఖరీదైన నిధుల సేకరణ అని విమర్శకులు వాదించారు.

యంత్రపు రాబడిని విడిగా చూసినపుడు కనిపించని నష్టం మరొకటి ఉంది. విద్యార్థి తన డబ్బుతో యంత్రంలో చిప్స్ కొని భోజనం మానేస్తే, కెఫెటీరియా ఆ భోజనం ధరతో పాటు దానికి ప్రభుత్వం చెల్లించే సొమ్మును కూడా కోల్పోతుంది. యంత్రపు కమీషను ప్రధానోపాధ్యాయుని నిధికి చేరగా, నష్టం భోజన విభాగం ఖాతాలో పడుతుంది. రెండు ఖాతాలు వేరు కావడం వలన పాఠశాల మొత్తంగా లాభపడిందో లేదో వెంటనే తెలిసేది కాదు.

వ్యవసాయ శాఖ, వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2005లో ప్రచురించిన "మేకింగ్ ఇట్ హాపెన్" అనే సంకలనంలో, మెరుగైన పదార్థాలకు మారిన తరువాత ఆదాయ వివరాలు తెలిపిన 17 పాఠశాలలు, డిస్ట్రిక్టులలో 12 చోట్ల ఆదాయం పెరిగింది, నాలుగు చోట్ల మార్పు లేదు. ఇవి విజయగాథలుగా ఎంపిక చేసినవి కనుక అన్ని పాఠశాలలకూ ఇదే ఫలితం వస్తుందని చెప్పలేము. కాని మార్పు తప్పనిసరిగా నష్టానికి దారితీస్తుందన్న వాదన సరికాదని ఇవి చూపాయి.

ధరల ప్రయోగం

నిషేధం కాకుండా ధరల ద్వారా ఎంపికను మార్చవచ్చునా అన్నదానిపై మిన్నెసోటాలో ఒక ప్రయోగం జరిగింది. 12 ఉన్నత పాఠశాలలు, 12 కార్యాలయాలలోని 55 యంత్రాలలో తక్కువ కొవ్వు గల చిరుతిళ్ళ ధరలను తగ్గించి అమ్మకాలను గమనించారు. 2001లో ప్రచురితమైన ఫలితాలు ఇవి:

* 10 శాతం తగ్గింపుతో వాటి అమ్మకాలు 9 శాతం పెరిగాయి.
* 25 శాతం తగ్గింపుతో 39 శాతం పెరిగాయి.
* 50 శాతం తగ్గింపుతో 93 శాతం పెరిగాయి.

యంత్రానికి వచ్చే సగటు లాభం మాత్రం గణనీయంగా మారలేదు.

రాష్ట్రాల చర్యలు, స్వచ్ఛంద ఒప్పందం

లాస్ ఏంజలెస్ స్కూల్ డిస్ట్రిక్టు 2002లో సోడా అమ్మకాన్ని నిషేధించాలని తీర్మానించి, 2004 జనవరి నుండి అమలు చేసింది. ఆర్కాన్సాస్ రాష్ట్రం 2003లో చేసిన చట్టం ద్వారా ప్రాథమిక పాఠశాలల్లో విద్యార్థులకు వెండింగ్ యంత్రాలు అందుబాటులో లేకుండా చేసింది. కాలిఫోర్నియా 2003లో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలకు, 2005లో ఉన్నత పాఠశాలలకు పానీయాల ఆంక్షలు విధించింది.

2006 మే నెలలో క్లింటన్ ఫౌండేషన్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కలసి ఏర్పరచిన సంస్థతో కోకా-కోలా, పెప్సికో, క్యాడ్బరీ ష్వెప్స్ స్వచ్ఛంద ఒప్పందం కుదుర్చుకొన్నాయి. దీని ప్రకారం 2009-10 నాటికి పాఠశాలల నుండి పూర్తి కాలరీల సోడాను ఉపసంహరించాలి. పాఠశాలలకు పంపిన పానీయాలలోని కాలరీలు 88 శాతం తగ్గాయని పానీయాల పరిశ్రమ 2010లో ప్రకటించింది.

జాతీయ ప్రమాణాలు

2010 డిసెంబరులో అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన చట్టం, 1983 తీర్పు వలన ఏర్పడిన పరిమితిని తొలగించి, పాఠశాల ఆవరణ మొత్తంపై, పాఠశాల రోజు పొడవునా వ్యవసాయ శాఖకు అధికారం ఇచ్చింది. ఆ శాఖ 2013లో ప్రకటించిన "స్మార్ట్ స్నాక్స్" నియమాలు 2014 జూలై 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం ఒక చిరుతిండి పొట్లంలో:

* 200 కాలరీలకు మించరాదు.
* సోడియం 200 మిల్లీగ్రాములకు మించరాదు (2016 జూన్ వరకు ఈ పరిమితి 230).
* చక్కెర బరువులో 35 శాతానికి మించరాదు.
* కొవ్వు నుండి వచ్చే కాలరీలు మొత్తంలో 35 శాతానికి మించరాదు. గింజలు, జున్ను వంటి వాటికి మినహాయింపులు ఉన్నాయి.

అర్ధరాత్రి మొదలుకొని పాఠశాల ముగిసిన 30 నిమిషాల వరకు ఈ నియమాలు వర్తిస్తాయి. ఆ తరువాత జరిగే ఆటల పోటీలలో అమ్మకాలకు ఇవి వర్తించవు. నిధుల సేకరణ కోసం అప్పుడప్పుడు జరిపే అమ్మకాలకు మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉంది.

మిగిలిన సమస్యలు

ప్రమాణాలకు సరిపడేలా కంపెనీలు తమ పాత చిరుతిళ్ళనే తక్కువ కొవ్వుతో, ముడి ధాన్యపు పిండితో తయారుచేసి, దుకాణాలలోని పొట్లాలను పోలిన పొట్లాలలో పాఠశాలలకు అమ్మసాగాయి. పొట్లంపై బొమ్మ, పేరు దాదాపు అవే కావడం వలన పాఠశాలలో కొన్నదానికీ బజారులో కొన్నదానికీ తేడా పిల్లలకు తెలియదన్నది దీనిపై ప్రధాన విమర్శ. కాలరీలు లేని కృత్రిమ తీపి పానీయాలను ఉన్నత పాఠశాలల్లో అమ్మవచ్చు. అందువలన కంపెనీల ఒప్పందాలు పూర్తిగా అంతరించలేదు, అమ్మే సరుకు మారింది.

ఇతర దేశాలలో

ఫ్రాన్స్ 2004 ఆగస్టులో చేసిన చట్టం ద్వారా 2005 సెప్టెంబరు 1 నుండి పాఠశాలల్లో ఆహార, పానీయాల వెండింగ్ యంత్రాలను పూర్తిగా నిషేధించింది.

భారతదేశంలో ఇదే ప్రశ్న ప్రధానంగా పాఠశాల క్యాంటీన్ల, గేటు బయటి అంగళ్ళ విషయంలో తలెత్తింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో జారీచేసిన నిబంధనల ప్రకారం, కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాలను పాఠశాల క్యాంటీన్లలో గాని, పాఠశాల గేటు నుండి 50 మీటర్ల లోపు గాని విద్యార్థులకు అమ్మరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా దేశమంతటా ఈ నిబంధనలు వర్తిస్తాయి.