తలకిందుల నగరం

కాజీపేట నుంచి కాగజ్‌నగర్ వెళ్లే రైలు రామగుండం దగ్గరికి వచ్చిందంటే కిటికీ పక్క సీటు కోసం పిల్లలు పోటీ పడతారు. ఎన్టీపీసీ పొగగొట్టాలు చూడాలి మరి. కాసేపటికి గోదావరి వంతెన, అవతల మంచిర్యాల. ఆపైన మందమర్రి, బెల్లంపల్లి... అన్నీ బొగ్గు గనుల ఊళ్లే. ఈ దారిలో పెరిగినవాళ్లకు ఒక లెక్క పుట్టుకతోనే తెలుసు. పని భూమి కింద, బతుకు భూమి పైన. షిఫ్టు దిగి పైకి వస్తేనే వెలుతురు.

ఆ లెక్కను తిరగేస్తే?

1994లో ఇంగ్లండులోని రివల్యూషన్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న సంస్థ అలాంటి నగరాన్నే తయారు చేసింది. అక్కడ ఫ్యాక్టరీలు, పొగ, కూలీల ఇరుకు గదులు ఆకాశానికి దగ్గరగా పై అంతస్తుల్లో ఉంటాయి. డబ్బున్నవాళ్లు కింద, చెట్లూ చెరువూ ఉన్న నేలమీద హాయిగా ఉంటారు. లిఫ్టు దిగేకొద్దీ హోదా పెరుగుతుందన్నమాట! 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' సినిమాలో కలవారి కాంప్లెక్స్ పైన వేలాడుతుంటే పేదల కాశీ కింద ఉంటుంది. ఇక్కడ అంతా దానికి ఎదురు. ఈ నగరం పేరు యూనియన్ సిటీ. అది ఉండేది 'బినీత్ ఎ స్టీల్ స్కై' అనే కంప్యూటర్ ఆటలో. అంటే, ఉక్కు ఆకాశం కింద అని.

ఇలాంటి కథల్ని సైబర్‌పంక్ అంటారు. యంత్రాలు బాగా ఎదిగిపోయి, మనిషి బతుకు మాత్రం దిగజారిన రోజుల కథలు. ఈ ఆటలో భవిష్యత్తు ఆస్ట్రేలియా కాలుష్యంతో పాడైపోయి ఉంటుంది. జనం కొన్ని మహానగరాల్లో కిక్కిరిసి బతుకుతుంటారు. నగరం మొత్తాన్నీ లింక్ అనే కంప్యూటర్ నడిపిస్తుంది. బయట బీడుభూముల్లో, అక్కడి ఆదివాసుల చేతుల్లో పెరిగిన కుర్రాడు మన హీరో. హెలికాప్టర్ కూలినచోట దొరికిన పసివాడికి, పక్కన పడున్న బీరు డబ్బా మీది పేరే పెట్టేశారు... ఫోస్టర్ అని! పెద్దయ్యాక నగరం నుంచి సాయుధులు వచ్చి అతన్ని పట్టుకుపోతారు. ఎందుకన్నదే కథంతా.

ఫోస్టర్‌కు తోడు జోయి. చిన్నప్పుడు పాత సామాన్లతో తనే చేసుకున్న రోబో. అదంతా ఒక చిన్న సర్క్యూట్ బోర్డులో ఉంటుంది. ఆ బోర్డును ఏ యంత్రంలో దూర్చితే జోయి ఆ యంత్రమైపోతుంది. మన కథల్లో పరకాయ ప్రవేశం విన్నవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. మొదట దొరికే శరీరం నేల ఊడ్చే యంత్రంలాంటిది. అందులోకి వచ్చినందుకు జోయి పడే నస ఒక్కటి చాలు, ఇంత చీకటి కథలోనూ నవ్వు రావడానికి. తర్వాత వెల్డింగ్ యంత్రంలోకి వెళ్లాక కాస్త దర్జా వస్తుందనుకోండి.

తుపాకీ పట్టి అడ్డొచ్చినవాళ్లను కాల్చుకుంటూ పోయే ఆట కాదిది. మౌస్‌తో వస్తువును చూడాలి, తీసుకోవాలి, ఎక్కడ వాడాలో ఆలోచించాలి, ఎదురైనవాళ్లతో మాట్లాడాలి. ఓచోట కాపలావాడి కళ్లు కప్పాలంటే ఒక ధనవంతురాలి కుక్కను చెరువులో పడేయాల్సి వస్తుంది. ఎలా అన్నది ఆడేవాళ్ల తెలివి. మనవాళ్లు చిక్కుముడుల కథ చెప్పి పిల్లల్ని ఆలోచించమని వదిలేసినట్టే ఉంటుంది. 'వాచ్‌మెన్' బొమ్మల కథతో పేరు తెచ్చుకున్న చిత్రకారుడు డేవ్ గిబ్బన్స్ ఈ నగరానికి బొమ్మలు వేశారు. తుప్పు పట్టిన ఆ మెట్లూ గొట్టాలూ చూస్తుంటే కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు, 1999లో మూతపడిన రామగుండం పాత ఎరువుల కర్మాగారం గుర్తొస్తే తప్పు మీది కాదు.

2000 తర్వాత మన ఊళ్లలో నెట్ సెంటర్లు వెలిసినప్పుడు పిల్లలు ఆడింది కారు పందేలు, కాల్పుల ఆటలు. గంటకింత అని డబ్బు కట్టేచోట గోడవైపు చూస్తూ ఆలోచించే ఆట ఎవరాడతారు?

అయినా ఈ ఆట ఇప్పటిదాకా బతికే ఉంది. పాత ఆటలతో చిక్కేమిటంటే, కంప్యూటర్లు మారిపోతే అవి తెరుచుకోవు. పాత ఆటల్ని కొత్త యంత్రాల మీద నడిపించడానికి 2001లో ఇద్దరు ప్రోగ్రామర్లు స్కమ్‌వీఎం అనే పని మొదలుపెట్టారు. జీతం లేని స్వచ్ఛంద సేవ. రివల్యూషన్ వాళ్లు తమ ఆట అసలు ప్రోగ్రామును ఆ బృందం చేతికిచ్చి, 2003లో ఆటను జనానికి ఉచితం చేసేశారు. అందరూ అలా చేయగలిగారా అంటే లేదు. 1997లో వెస్ట్‌వుడ్ సంస్థ తెచ్చిన 'బ్లేడ్ రన్నర్' ఆట కూడా ఈ కోవదే, ఎంతో పేరున్నదే. కానీ దాని అసలు ప్రోగ్రాము పోయింది. స్వచ్ఛంద సేవకులు డిస్కుల్లో ఉన్నదాన్ని విప్పి చూసుకుంటూ మళ్లీ రాసి, 2019కి గానీ దాన్ని నడిపించలేకపోయారు.

రివల్యూషన్ ఆట మాటలతో సహా వంద ఎంబీ లోపే. అటక మీది పాత కంప్యూటర్లోనూ, చేతిలోని ఫోన్లోనూ నడుస్తుంది. దించుకున్నాక నెట్ అక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు, డబ్బు కట్టమని అడగదు. అలాగని చంటిపిల్లల చేతికివ్వొద్దు. రక్తం ఉంది, చావులున్నాయి, కొన్ని పెద్దల వేళాకోళాలూ ఉన్నాయి. హైస్కూలు పిల్లలు, అదీ పెద్దలు పక్కన కూర్చుంటే మేలు. తెలుగులో లేకపోవడం పెద్ద లోటే. కాకపోతే మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెరమీద పడతాయి, తొందరపెట్టేవాళ్లుండరు. నాన్న ఒక వాక్యం, అమ్మాయి ఒక వాక్యం చదువుకుంటూ వెళ్లొచ్చు. 2020లో దీనికి కొనసాగింపుగా 'బియాండ్ ఎ స్టీల్ స్కై' వచ్చింది. అది ఉచితం కాదు.

ఫోస్టర్ ఒక్కోచోట చచ్చిపోతాడు కాబట్టి ఆటను తరచూ సేవ్ చేసుకోండి. మొదటి తలుపు దగ్గరే చాలామంది ఆగిపోతారు. అది తెరుచుకోకపోతే విసుక్కోకండి. ఫోస్టర్ నిలబడ్డ నడవా కటకటాల్లో ఒక కడ్డీ వదులుగా ఉంటుంది చూడండి.