ఒకే టీవీ, రెండు రాష్ట్రాలు, ఒకే చెక్కు

నిజానికి ఈ విషయం మీద లాయరుగారెవరైనా మాట్లాడాలి. నేను కంప్యూటర్ల వాణ్ణి. అయినా ఈ మాట ఎత్తుకోవడానికి మా ఇంట్లో జరిగిన ఓ చిన్న సంగతి కారణం.

2005లో మా బావగారు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక ఫ్లాట్ టీవీ కొన్నారు. అది చూసి ముచ్చటపడి మా పెద్దన్నయ్య టెక్సస్‌లోని ప్లేనోలో అదే మోడల్ కొన్నాడు. కొన్నేళ్ళ తర్వాత బావగారికి ఒక సెటిల్మెంట్ చెక్కు వచ్చింది. అన్నయ్యకి రాలేదు. పెద్ద మొత్తమేమీ కాదు లెండి, ఇంటిల్లిపాదీ ఓ పూట హోటల్లో భోంచేస్తే అయిపోతుంది. కానీ అన్నయ్య ఇప్పటికీ అడుగుతుంటాడు: "ఒకే టీవీ, ఒకే ధర. ఆయనకి జరిగిన అన్యాయం నాకు జరగలేదుట్రా?" ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ నేను తెలుసుకున్న నాలుగు ముక్కలే ఇవాళ మీకు చెబుతాను.

ముందు అసలు కథ. టీవీలకీ, మానిటర్లకీ వాడే ఎల్‌సీడీ ప్యానెళ్ళు తయారుచేసే కొన్ని తైవాన్, కొరియా కంపెనీల వాళ్ళు తైవాన్ హోటళ్ళలో గుట్టుగా కలుసుకుని ధరలు కూడబలుక్కునేవారు. వాటికి క్రిస్టల్ మీటింగులని పేరు కూడా పెట్టుకున్నారు. ఈ ప్యానెళ్ళ ధరల కుమ్మక్కు కేసుల్లోనే 2008లో ఎల్‌జీ డిస్‌ప్లే, షార్ప్, చుంగ్వా నేరం ఒప్పుకుని, మొత్తం 58.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి అంగీకరించాయి. 2012లో ఏయూ ఆప్ట్రానిక్స్‌కి 50 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అయితే జరిమానా అన్నది సర్కారు ఖాతాకి పోతుంది. ఎక్కువ ధర పెట్టి కొన్నవాడి జేబులోకి రాదు. అతనికి నష్టపరిహారం కావాలంటే వేరే దావా వెయ్యాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. మన ఇండియన్ స్టోరులో బియ్యం బస్తా ఉందనుకోండి. దిగుమతి చేసేవాళ్ళంతా కుమ్మక్కై బస్తాకి రెండు డాలర్లు పెంచారు. వాళ్ళ దగ్గర కొన్నది డిస్ట్రిబ్యూటరు. అతని దగ్గర కొన్నది స్టోరాయన. స్టోరాయన దగ్గర కొన్నది మనం. ఆ రెండు డాలర్లూ చేతులు మారుతూ చివరికి మన నెత్తినే పడ్డాయి. కానీ కుమ్మక్కైన వాళ్ళ దగ్గర నేరుగా కొన్నది మనం కాదు కదా! చట్టం దృష్టిలో మనం పరోక్ష కొనుగోలుదారులం.

1977లో ఇల్లినాయ్ బ్రిక్ అనే కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఫెడరల్ చట్టం కింద ఇలాంటి పరోక్ష కొనుగోలుదారులకి నష్టపరిహారం అడిగే హక్కు లేదంది. ఆ కేసు కాంక్రీటు దిమ్మెల గురించి. పెంచిన ధరలో ఎవరి వాటా ఎంతో తేల్చడం కోర్టులకి తలకి మించిన పని అవుతుందనీ, ఒకే నష్టానికి రెండుసార్లు కట్టించే ప్రమాదం ఉందనీ కోర్టు చెప్పిన కారణాలు.

రాష్ట్రాలు ఊరుకోలేదు. కాలిఫోర్నియా 1978లోనే తన చట్టం సవరించి, పరోక్షంగా కొన్నవాళ్ళు కూడా దావా వెయ్యొచ్చంది. ఇలాంటి రాష్ట్ర చట్టాలకి ఫెడరల్ చట్టం అడ్డు రాదని 1989లో సుప్రీంకోర్టే తేల్చింది. ఇప్పుడు సగానికి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో ఈ హక్కు ఇస్తున్నాయి.

ఇక మా అన్నయ్య టీవీ సంగతి. ఎల్‌సీడీ కేసులో పరోక్ష కొనుగోలుదారులకి కుదిరిన సెటిల్మెంట్లు మొత్తం 108 కోట్ల డాలర్లు. అది 24 రాష్ట్రాలకీ, వాషింగ్టన్ డీసీకీ వర్తించింది. అందులో కాలిఫోర్నియా ఉంది, టెక్సస్ లేదు. మనవాళ్ళు ఇంతమంది ఉన్న న్యూజెర్సీ కూడా లేదు. ఆ న్యూజెర్సీ 2022లో చట్టం మార్చుకుంది.

అలాగని టెక్సస్‌లో కొన్నవాడికి దిక్కే లేదనుకోకండి. కుమ్మక్కు సంగతి వేరు, మోసం సంగతి వేరు. అమ్మేవాడు తెలిసి తెలిసీ మోసం చేశాడని రుజువైతే, టెక్సస్ వినియోగదారుల చట్టం కింద ఆర్థిక నష్టానికి మూడు రెట్ల దాకా ఇప్పించవచ్చు. దావాకి 60 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. మాసచూసెట్స్‌లో అయితే ముందు ఒక డిమాండ్ లెటర్ రాసి 30 రోజులు ఆగాలి. చాలా గొడవలు ఆ ఉత్తరంతోనే తెమిలిపోతాయి కూడా.

మూడు రెట్లని చట్టంలో ఉంటే చెక్కు అంత చిన్నదెందుకు అంటారా? సెటిల్మెంట్ అంటేనే రాజీ. గెలుస్తామో లేదో తెలియక ఇద్దరూ ఓ మెట్టు దిగుతారు. అందులోంచి కోర్టు ఒప్పుకున్నంత లాయర్ల ఫీజు, ఖర్చులు పోగా మిగిలింది క్లెయిము వేసినవాళ్ళు పంచుకుంటారు.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. ఇలాంటి సెటిల్మెంట్ నోటీసు పోస్టుకార్డుగానో, ఈమెయిలుగానో వస్తుంది. మనం చూడకుండా చెత్తబుట్టలో వేస్తాం. "వీసా మీద ఉన్నవాళ్ళం, కోర్టు గొడవలు మనకెందుకు" అనేవాళ్ళూ ఉన్నారు. క్లెయిము వేస్తే మీరు ఎవరి మీదా కొత్తగా దావా వేసినట్టు కాదు. సామాన్యంగా మీ ముందు మూడు దారులుంటాయి. క్లెయిము వేసి డబ్బు తీసుకోవడం ఒకటి. నేను ఇందులో లేనని గడువులోగా రాసి తప్పుకుని, సొంతంగా దావా వేసే హక్కు నిలుపుకోవడం రెండోది. ఏమీ చెయ్యకపోవడం మూడోది. చాలా సెటిల్మెంట్లలో ఈ మూడోదే నష్టం. డబ్బు రాదు, దావా వేసే హక్కూ పోతుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదన్న సామెత ఇక్కడ పనిచెయ్యదన్నమాట.

ఇంకో మాట. మనం ప్రాజెక్టుల వెంట ఊళ్ళు తిరిగేవాళ్ళం. చాలా కేసుల్లో ఇప్పుడెక్కడున్నామన్నది కాదు, కొన్నప్పుడు ఎక్కడున్నామన్నదే లెక్క. నోటీసేమో పాత ఇంటికి పోతుంది. కాబట్టి రసీదులు దాచుకోండి, ఆన్‌లైన్ ఆర్డర్ల ఈమెయిళ్ళు చెరపకండి. నోటీసులో కోర్టు పేరు, కేసు నంబరు, గడువు తేదీ చూడండి. క్లెయిముకి ఫీజు కట్టమంటే అది మోసమే. కొననిది కొన్నామని మాత్రం రాయకండి. ఆ ఫారంలో చెప్పినవన్నీ నిజాలేనని మనమే సంతకం పెడతాం.

మా అన్నయ్యకి ఇదంతా వివరంగా చెప్పాను. అంతా విని, "అయితే ఈసారి టీవీ బావగారింటికెళ్ళి కొనాలన్నమాట" అన్నాడు. కొనకపోయినా ఫరవాలేదు కానీ, ఇప్పుడు పోస్టుకార్డులు మాత్రం చదివే పారేస్తున్నాడు. మీరూ అలాగే చెయ్యండి. సెలవు.