ఉపపత్తియు తెలుగు వాక్యమును

గణితమున ఒక సిద్ధాంతము ఏల సత్యమో చూపు హేతుపరంపరకు మన పూర్వులు ఉపపత్తి యని పేరిడిరి. 1600 ప్రాంతమున కృష్ణదైవజ్ఞుడు భాస్కరుని బీజగణితమునకు వ్యాఖ్య రచించుచు సూత్రములకు ఉపపత్తులు కూర్చెను. నేటి విద్యార్థికి ప్రూఫు అను మాటయే పరిచితము. పేరేదైనను చిక్కొక్కటియే. లెక్కలు తప్పులేక చేయువాడు సైతము ఉపపత్తి వ్రాయవలసి వచ్చినపుడు కలము కదలక నిలుచును. గణితతర్కశాస్త్రము ఈ చిక్కును విప్పుటకు తగిన సాధనము. కాని దాని చిహ్నములను నేర్వకముందే తెలుగువాడు తన వాక్యమును తాను పరీక్షించుకొనవలసియున్నది.

ముషీరాబాదునకును తార్నాకకును నడుమ వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్రము ఇచట స్మరింపదగినది. 1918లో స్థాపితమైన ఆ విద్యాపీఠమున బోధనభాష ఉర్దూ. 1917లోనే ఏర్పడిన దారుల్ తర్జుమా యను అనువాదశాఖ ఇతరశాస్త్రములతోపాటు గణితమును గూడ ఉర్దూలోనికి తెచ్చెను. దేశభాషలో ఉన్నతశాస్త్రములు చెప్పవచ్చునని చూపిన ఆ సాహసము మెచ్చదగినదే. అయినను ఇంట తెలుగాడు బాలునకు అదియు నేర్చుకొన్న భాషయే. 1948 తరువాత ఆ స్థానము ఆంగ్లమునకు వచ్చినది. తెలుగున కళాశాలా పాఠ్యగ్రంథములు సమకూర్చుటకు తెలుగు అకాడమి 1968లో నెలకొన్నది. వాక్యము తనకు లొంగనివాడు దానిని వల్లించును; వల్లించిన ఉపపత్తి ఒక పంక్తి మఱచినంతనే కూలిపోవును.

తెలుగున వ్రాసినంతమాత్రమున చిక్కు తీరునా యనగా, తీరదు. ‘పిల్లలందఱును బడికి రాలేదు’ అను వాక్యమును చూడుడు. ఒక్కరును రాలేదని యొక యర్థము. వచ్చినవారు కలరు గాని కొందఱు రాలేదని మఱియొక యర్థము. వాడుకలో గొంతు హెచ్చుతగ్గులు ఈ సందేహమును తీర్చును. కాగితముమీద గొంతు వినబడదు. ‘అందఱును వచ్చిరి’ అనుదానికి తర్కశాస్త్రరీత్యా నిషేధము ‘రానివాడు ఒక్కడైనను కలడు’ అనునది మాత్రమే. ఒక సార్వత్రికవాక్యమును ఖండింపదలచినవాడు అట్టి యొక్కనిని చూపిన చాలును. స్థాపింపదలచినవాడు మాత్రము నూర్గురిని చూపినను చాలదు.

‘ప్రతి యూరికిని ఒక చెఱువు కలదు’ అనుదానియందును ఇట్టి ద్వైధమే. ఏ యూరి చెఱువు ఆ యూరిదా? లేక యూళ్లన్నిటికిని కలిసి ఒకే చెఱువా? పట్టపరీక్షకు చదువువారు అవిచ్ఛిన్నతకును ఏకరూపావిచ్ఛిన్నతకును భేదమెఱుగక తడబడునది సరిగా ఈ చోటనే. కోరిన సూక్ష్మతకు ప్రతి బిందువునకును దాని దాని డెల్టా దొరకుట మొదటిది; బిందువులన్నిటికిని ఒకే డెల్టా చాలుట రెండవది. సంఖ్యను వర్గించు ఫలనము వాస్తవసంఖ్యలన్నిటిమీద మొదటి లక్షణము గలది, రెండవది లేనిది. 1879లో ఫ్రేగే కల్పించిన చిహ్నభాష ఇట్టి క్రమభేదమును కంటికి కనబడునట్లు చేసినది. ఆ భాష రాకున్నను ‘ఊరిని ముందు చెప్పి చెఱువును పిదప ఎన్నుకొంటినా, చెఱువును ముందే ఎన్నుకొంటినా’ అని తన్ను తాను ప్రశ్నించుకొనువాడు సగము గట్టెక్కినట్లే.

మన తార్కికులు ఈ వివేచనకు క్రొత్తవారు కారు. పదునేడవ శతాబ్దమువాడైన ఆంధ్రుడు అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహము నేటికిని సంస్కృతపాఠశాలలలో తొలిపాఠము. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్నచోట నెల్ల పొగ యుండదు, కాల్చిన యినుపగుండే సాక్షి. ‘అయినచో’ అను వాక్యమును తలక్రిందులుగా చదువు దోషమునకు ఇంతకంటె తేట యుదాహరణము లేదు. తన గ్రంథమునకు తానే వ్రాసిన దీపికయందు అన్నంభట్టు మఱియొక చిక్కు నెత్తిచూపును. మట్టిజాతి వస్తువులను ఇనుము గీయుట నూఱుమాఱులు చూచినను, వజ్రముకడ ఆ నియమము తప్పునుగదా! గోలకొండ సీమవారికి ఈ యుదాహరణము మఱింత యింపుగా నుండదగును. వ్యభిచారము కనబడకుండగా సాహచర్యమును తెలిసికొనుట వ్యాప్తిజ్ఞానమునకు చాలునని అతడు సమాధానపడెను.

లోకవ్యవహారమునకు అది చాలును. గణితమునకు చాలదు. ఒక సంఖ్యను వర్గించి, అందుండి ఆ సంఖ్యనే తీసివేసి, 41 కూడుడు. ఒకటికి 41, రెంటికి 43, మూటికి 47 వచ్చును, అన్నియు ప్రధానసంఖ్యలే. ఆయిలరు 1772లో ఎత్తిచూపిన ఈ వరుస 40 వఱకు ఎచ్చటను తప్పదు. నలువది మాఱులు వ్యభిచారము కనబడలేదు. 41 చేరగానే తీసివేసినదియు కూడినదియు సరిపోయి 41 వర్గము, అనగా 1681, మిగులును. అది ప్రధానసంఖ్య కాదు. నలుబదియొకటవది ఇచట వజ్రము.

ఇక వ్రాతలో తఱచుగా కనబడు దోషము వేఱొకటి. రెండు వాస్తవసంఖ్యల వర్గముల మొత్తము వాని లబ్ధమునకు రెట్టింపుకంటె తక్కువ కాదని సాధింపుమన్నారనుకొందము. విద్యార్థి సాధ్యమునే మొదటిపంక్తిలో వ్రాసి, రెండవవైపున నున్నదానిని ఈవైపునకు తెచ్చి, ‘కనుక ఆ సంఖ్యల భేదముయొక్క వర్గము ఋణము కాదు, ఇది సత్యము’ అని ముగించును. సాధింపవలసినదే హేతువైనది. ఇట్లు వెదకుటలో తప్పు లేదు. చిత్తుకాగితముపై అందఱును ఇట్లే వెదకుదురు. శుద్ధప్రతిలో మాత్రము పంక్తులు క్రిందినుండి పైకి నడువవలెను: ఏ వాస్తవసంఖ్య వర్గమును ఋణము కాదు, కనుక ఆ భేదముయొక్క వర్గమును కాదు, దానిని విస్తరించినచో కోరినది లభించును. ఇచట ప్రతి యడుగును మరలి నడువదగినదగుటచే విద్యార్థికి నష్టము కలుగలేదు. అన్నిచోట్లను అట్లుండదు. ఒకటియు ఋణ ఒకటియు సమానమని మొదటిపంక్తిలో వ్రాసి రెండువైపులను వర్గించినచో, ఒకటి ఒకటికి సమానమను తిరుగులేని సత్యమే చివరిపంక్తిలో నిలుచును.