మొదటి బేరము ఎవరి చేతిది?



గత సంవత్సరము క్రిస్మస్ దినములలో వాక్యపరిచర్య నిమిత్తము మేము కోనసీమలోని ఒక గ్రామ సంఘమునకు వెళ్ళాము. ఆ రాత్రి మాకు భోజనము పెట్టిన సహోదరి కువైటులో పదకొండేండ్లు ఇంటిపని చేసి తిరిగి వచ్చినది. ఇప్పుడు ఊరిలో చిన్న కిరాణా కొట్టు నడుపుకొనుచున్నది. మాటల మధ్య ఆమె నవ్వుచు, "అయ్యగారండీ, ఈ బోణీ పిచ్చి మనకే ఉందనుకున్నానండి. నాతో పనిచేసిన ఫిలిప్పీన్స్ అమ్మాయి వాళ్ళమ్మ కొట్టులోనూ ఇదే తంతంటండి" అన్నది. ఆ అమ్మాయి ఇలోకానో జాతికి చెందినది. ఆ మాట మాకు ఆసక్తి కలిగించగా, ఆ ప్రజలను గూర్చి విన్నవి, చదివినవి మీ ముందు ఉంచుచున్నాము.

ఇలోకానోలు లూజాన్ దీవి వాయవ్య తీరవాసులు. ఒక ప్రక్క సముద్రము, మరియొక ప్రక్క కొర్డిల్యేరా కొండలు, నడుమ పంచె అంచు వంటి సన్నని నేల. వరి, పొగాకు, వెల్లుల్లి పండించుదురు. ఆ భూమి చాలక 1906 నుండి వారు హవాయి చెరకు తోటలకు కూలికి ఓడలెక్కిరి. పొదుపునకు వారు పెట్టినది పేరు. తక్కిన ఫిలిప్పీనీయులు వారిని 'కురిపోట్' అని, అనగా పిసినారులని, ఎగతాళి చేయుదురు. నేల తక్కువైనవాడు పైసా లెక్కపెట్టక ఏమి చేయును? మేమైతే దానిని తప్పుగా ఎంచము.

వారు సువార్త ఎరుగని ప్రజలు కారు. 1572లో స్పెయిను సేనాని హువాన్ దె సాల్సెదో విగాన్‌కు వచ్చిన తరువాత అక్కడ రోమన్ కాథలిక్ మతము నెలకొన్నది. బాటక్ పట్టణములో పుట్టిన గ్రెగోరియో అగ్లిపాయ్ 1902లో ఏర్పడిన ఫిలిప్పీన్స్ స్వతంత్ర సంఘమునకు మొదటి ప్రధాన బిషప్పు ఆయెను. అమెరికా పాలన వచ్చిన తరువాత ప్రొటెస్టెంటు మిషనరీలును ఆ తీరమున సంఘములు కట్టిరి. అయినను పాత నమ్మికలు పోలేదు. విగాన్ వాస్తవ్యుడైన ఇసబెలో దె లోస్ రెయెస్ వాటిని సేకరించి 1889లో 'ఎల్ ఫోక్-లోర్ ఫిలిపినో' అను గ్రంథముగా స్పానిష్ భాషలో ప్రచురించెను. తరువాతి కాలమున అగ్లిపాయ్‌తో కలిసి ఆ స్వతంత్ర సంఘమును నిలిపినవాడును ఇతడే.

ఇక కొట్టు సంగతి. అక్కడి పల్లెలలో ఇంటి ముంగిట ఊచల కిటికీ వెనుక నడుపు చిల్లర దుకాణమును 'సరి-సరి' అందురు. ఒక్క సిగరెట్టు, ఒక్క షాంపూ ప్యాకెట్టు, గరిటెడు నూనె, ఇట్లు విడివిడిగా అమ్ముదురు. అరువు పుస్తకము ఉండును. నేడు అరువు లేదు, రేపు రమ్మని బోర్డును ఉండును. మన ఊరి కొట్టునకు దానికి తేడా ఏమున్నది!

ప్రొద్దుటి మొదటి బేరమును వారు 'బుయెనా మానో' అందురు. అది స్పానిష్ మాట, అర్థము 'మంచి చెయ్యి'. మనవారు "ఆయన చెయ్యి మంచిది, బోణీ ఆయనతో చేయించు" అనుట లేదా? అచ్చముగా అదే భావము. మొదట వచ్చినవాడు కొనకుండ వెళ్ళిన దినమంతయు బేరముండదని భయము. కనుక ధర తగ్గించియైనను అతనికి అమ్ముదురు. ఆ మొదటి నోటుతో కొట్టులోని సరుకులను తాకించుదురు. మనవారు కళ్ళకద్దుకొని గల్లాపెట్టెలో వేయుదురు, అంతే భేదము. భయము వలననైనను ప్రొద్దున్నే ఒక బీదవానికి నాలుగు డబ్బులు తగ్గుచున్నవని ఆ సహోదరి నవ్వినది. నిజమే.

కొట్టు తెరచు నాడు ఇంకను ఎన్నో ఉన్నవి. లోపలికి మొదట బియ్యము, ఉప్పు తీసికొని పోవలెను. కట్టడపు స్తంభముల గుంటలలో నాణెములు వేయుదురు. కొందరు కోడిని కోసి పునాదిపై రక్తము చిందించుదురు. ఆ పిమ్మట ప్రీస్టుగారు వచ్చి ఆశీర్వాద జలము చల్లుదురు. కోడి రక్తమునకు, ఆశీర్వాద జలమునకు ఒకే ముంగిట చోటు! మెట్లు ఎక్కునప్పుడు ఒకటి బంగారము, రెండు వెండి, మూడు చావు అని వరుసగా లెక్కించుదురు. చివరి మెట్టు చావు మీద పడకుండ కట్టించుకొనవలెను. చీకటి పడినాక ఊడ్చిన యెడల అదృష్టము చెత్తతో కూడ పోవునట. సంవత్సరాది రాత్రి జేబులో నాణెములు గలగలలాడించి, తలుపులు తెరచి, గుండ్రని పండ్లు బల్లపై ఉంచుదురు. చైనా వర్తకుల అలవాట్లు దీనిలో చాల కలిసినవి. అదృష్టము అంటుకొని యుండుటకు జిగురు బియ్యపు పిండివంటలు తినుదురు. కాని జిగురు బియ్యము రుచికరమైనది, ఆ సాకుతోనైనను తినుట మంచిదే.

చనిపోయినవారి కొరకు పళ్ళెములో అన్నము, గ్రుడ్లు, బాసి అను చెరకు మద్యము పెట్టు ఆచారమును ఇలోకానోలు 'అతాంగ్' అందురు. ఖాళీ స్థలమున అడుగుపెట్టునప్పుడు కంటికి కనబడని వారిని "బారి-బారి" అని మన్నింపు అడుగుదురు. వారి చేనేతలో 'బినకోల్' అను సుడిగాలి వంటి నమూనా కలదు. చూడగా కన్ను తిరుగును. అది దురాత్మలను తికమకపెట్టునని పూర్వులు నమ్మిరి. నేడు విగాన్ అంగళ్ళలో దానినే దుప్పట్లుగాను సంచులుగాను యాత్రికులకు అమ్ముచున్నారు. ఒకప్పటి భయము ఇప్పుడు చక్కని సరుకైనది.

వీటిని చదివి నవ్వుట సులభము. అయితే రేపటి బేరము ఎట్లుండునో తెలియని చిన్న వర్తకుని గుండెలోనుండి ఇవి పుట్టినవని మరువరాదు. తుపాను వచ్చినను, పొగాకు ధర పడినను మొదట దెబ్బ తినునది ఆ కొట్టే. రేపటి లాభమును నేడే లెక్కవేసుకొను వర్తకులను యాకోబు తన పత్రిక 4వ అధ్యాయములో గద్దించెను. వారిది అతిధైర్యము, వీరిది అతిభయము. రేపు మన చేతిలో లేదను సంగతి ఇద్దరికిని మింగుడుపడదు.

మమ్మును ఎక్కువగా తాకినది మరియొకటి. ఆ ఇలోకానో అమ్మాయి ప్రతి నెల జీతములో సగము తల్లికి పంపెడిదట. ఆ డబ్బుతోనే కొట్టులో సరుకు నిండెడిది. తల్లి మాత్రము ఫోనులో, "మన 'గాసత్' మంచిదే, బుయెనా మానో తప్పలేదు" అని సంతోషించెడిది. గాసత్ అనగా అదృష్టము. "ఫోను పెట్టేసి ఆ పిల్ల ఏడ్చేదండి. కొట్టు నిలబెట్టింది నా చేతులు కాదా అక్కా అనేదండి" అని సహోదరి చెప్పినది. ఏండ్ల తరబడి పరుల ఇండ్లు తుడిచిన చేతులకు రావలసిన కృతజ్ఞత ఒక నోటుకు పోయినది. 'సుకి' అని వారు పిలుచు వాడుక ఖాతాదారులు, అనగా ఏండ్లుగా అదే కొట్టునకు వచ్చు ఇరుగుపొరుగువారు, వారిని కూడ ఎవరును లెక్కింపలేదు. మంచి జరిగిన యెడల అదృష్టమునకు, చెడు జరిగిన యెడల ప్రొద్దున్నే వచ్చిన బీదవానికి! ఈ లెక్క ఎంత అన్యాయము!

ఇది చెప్పి సహోదరి కొంతసేపు మౌనముగా ఉన్నది. తరువాత తన సంగతి చెప్పినది. ఒకనాడు తెల్లవారకముందే మన సంఘపు ముసలమ్మ ఒకామె వచ్చి, మనుమరాలికి జ్వరము, పాల ప్యాకెట్టు అరువిమ్మని అడిగినదట. "బోణీ కాలేదమ్మా, తర్వాత రా అనేశానండి. మళ్ళీ రాలేదండి. ఆదివారం బల్ల దగ్గర నా పక్కనే మోకరించింది. నాకు రొట్టె గొంతు దిగలేదండి."

మేమును ఏమియు చెప్పలేకపోయాము. మా ఇంటిలోనే దీపము పెట్టిన తరువాత పొరుగువారికి ఉప్పు ఇచ్చుటకు ఇప్పటికిని సందేహించువారున్నారు.

మరునాడు ఉదయము ఆరు గంటల బస్సునకు వెళ్ళుచు ఆమె కొట్టు ముందు నిలిచాము. అప్పుడే తలుపు తీసినది. ఒక పిల్లవాడు పరుగున వచ్చి, "మా అమ్మ టీపొడి పొట్లం ఇమ్మంది, డబ్బులు సాయంత్రం ఇస్తానంది" అన్నాడు. ఆమె చెయ్యి ఒక్క క్షణము ఆగినది. తరువాత పొట్లము వానికిచ్చి, పుస్తకము తెరచి, ఆ దినపు తేదీ వేసి, మొదటి వరుసలో వాని తల్లి పేరు వ్రాసికొన్నది.